ఎనిమిది వాషర్లు

పోయిన ఏడాది మా మోటారు క్లబ్బు వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. పాత పందేల ఫొటోలు, ఎవరెవరు గెలిచారన్న వివరాలు, నాలుగైదు పేజీల ముచ్చట్లు. నాకూ ఒక కాపీ పంపారు. అందులో ఒక ఫొటో ఉంది. మొక్కజొన్న కోసిన చేలో, మట్టిగట్టు పక్కన, ఒక వైపుకు ఒరిగి పడిన తెల్ల కారు. సిలిండర్ హెడ్డు పనిలో లోపం వల్ల ఇంజను పట్టేసి ఈ కారు బోల్తా పడిందని ఫొటో కింద రాశారు.

ఆ వాక్యం నేను రాయలేదు. ఎవరో విన్నది రాశారు, వాళ్లు ఇంకెవరి దగ్గరో విన్నారు. అలా వెనక్కి పోతే ఆ మాట పన్నెండేళ్ల కిందట పాల్వంచలో ఒక షెడ్డులో, సోమవారం పొద్దున, నా నోట్లోంచి వచ్చింది. అది తప్పు. ఇంజన్ల పని నేర్చుకుంటున్న మీరంతా ఆ పుస్తకం చదివి ఉంటారు కాబట్టి మీకే చెప్తున్నాను.

నేను పని నేర్చుకున్నది భద్రాచలం రోడ్డు మీద జీపులు జోరుగా తిరిగిన రోజుల్లో. పది మంది పట్టే జీపులో పాతిక మంది ఎక్కేవాళ్లు, పైన బస్తాలు, వెనక వేలాడేవాళ్లు వేరే. ఎత్తుల మీద ఇంజన్లు మరిగిపోయేవి. వేడికి వాల్వు స్ప్రింగులు మెత్తబడేవి. ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్తాను. ఇంజను పై భాగాన్ని హెడ్డంటాం. ఇంజనులోకి గాలి, పెట్రోలు రావడానికి, పొగ పోవడానికి అందులో వాల్వులనే తలుపులుంటాయి. వాటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్. మూసేది స్ప్రింగు. స్ప్రింగు మెత్తబడితే తలుపు సమయానికి మూసుకోదు, బండికి బలం తగ్గుతుంది.

కొత్త స్ప్రింగులు కావాలంటే విజయవాడ పోవాలి. అంతదాకా జీపు ఆపితే డ్రైవరు ఊరుకోడు. అందుకని మా గురువు ఒక ఉపాయం నేర్పాడు. స్ప్రింగు కింద ఒక ఇనప వాషర్ వేయడం. వాషర్ మందం మేర స్ప్రింగు ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, అందుకని బిగువుగా పనిచేస్తుంది. మా రోడ్డు మీద ఏ షెడ్డుకు పోయినా ఒక డబ్బా నిండా ఇవే వాషర్లు. డ్రైవర్లే అడిగేవాళ్లు: "అన్నా, వాషర్లేసి పంపు, రేపు సంత ఉన్నది." ఒక్క జీపు కూడా దానివల్ల చెడిపోవడం నేను చూడలేదు. జీపు క్యామ్ వాల్వును తక్కువ ఎత్తు లేపుతుంది, దాని స్ప్రింగులో చుట్లకూ చుట్లకూ మధ్య సందు బోలెడంత ఉంటుంది. అది నాకు అప్పుడు తెలియదని కాదు. ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

తర్వాత నేను పాల్వంచ షెడ్డులో చేరాను. యజమాని తాతలు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొన్నవాళ్లు. ఆయనకు పొలం కంటే కార్ల పిచ్చి ఎక్కువ. రోజువారీ బండ్ల పనితో షెడ్డు నడిచేది. ఒక మూల మాత్రం పందెం కార్ల ఇంజన్లకు కేటాయించాడు. నేను షెడ్డుకు మేస్త్రీని. హెడ్డు పని మాత్రం నాది కాదు. దానికి వేరే మనిషి ఉండేవాడు.

ఆయనను మేమంతా హెడ్డన్న అనేవాళ్లం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భద్రాచలం దాటాక అడివంచున ఒక కోయ ఊరు ఆయనది. హాస్టల్లో చదివి, ఐటీఐ చేసి వచ్చాడు. వాల్వుల సీట్లు నూరడం, గైడ్లు మార్చడం, హెడ్డు బిగించడం, ఇవి తప్ప ఇంకో పని ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా టైరు విప్పమంటే "నేను మెడ పైనుంచే డాక్టర్ని" అని తప్పించుకునేవాడు. మాట తక్కువ, కాని అన్నప్పుడు అలాంటిదే అనేవాడు.

ఆయన జేబులో ఎప్పుడూ రెండు మూడు చీపురు పుల్లలు ఉండేవి. వాళ్లావిడ అడివి నుంచి కొండచీపురు తెచ్చి కట్టలు కట్టి సంతలో అమ్మేది. ఆ కట్టల్లోంచి కొసన ఉండే వెంట్రుకలాంటి సన్నటి ఈనెలు ఏరి, ఒక్కోదాని మందం వెర్నియర్ పెట్టి కొలిచి, నచ్చినవి జేబులో పెట్టుకునేవాడు. హెడ్డు బిగించాక చేత్తో క్యామ్ తిప్పుతూ ఒక్కో వాల్వునూ పూర్తిగా తెరిపించేవాడు. అప్పుడు స్ప్రింగు బాగా నొక్కుకుని చుట్లు దగ్గరకొస్తాయి. ఆ చుట్ల సందుల్లో పుల్ల పెట్టి చూసేవాడు. పుల్ల పోతే హెడ్డు మంచిది. పోకపోతే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి ఇనప దిమ్మ అయిపోయినట్టే. క్యామ్ ఇంకా తోస్తుంటుంది, స్ప్రింగుకు కదలడానికి చోటుండదు. అప్పుడు ఏదో ఒకటి విరగాలి.

"సందు కొలిచే ఫీలర్ గేజి ఉండగా ఈ పుల్లలేందన్నా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"గేజి ఇనుము తమ్మీ. సందు లేకున్నా తోస్తే పోతది. మనం పోయిందనుకుంటం. పుల్ల గట్ల కాదు. తోస్తే ఇరుగుతది. నా మాట కోసం అబద్ధమాడదు" అన్నాడు.

ఆ వేసవిలో యజమాని కొత్త క్యామ్ తెప్పించాడు. కోయంబత్తూరులో ఒకాయన కోసి పంపాడు. మామూలు క్యామ్ కంటే వాల్వును ఇంకా ఎత్తుకు లేపుతుంది, ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చప్పుడే వేరుగా ఉండేది. తక్కువ వేగంలో గుర్రుగుర్రుమని ఊగుతూ, పైకి పోయే కొద్దీ ఈల వేసేది. ఆ క్యామ్ కు సరిపోయే గట్టి స్ప్రింగులు కూడా వేయాలని, అవి తన దగ్గర అయిపోయాయని, మూడు వారాల్లో పంపుతానని ఆయన ఫోన్లో చెప్పాడు. పందెం తొమ్మిది రోజుల్లో ఉంది.

పందెం మీద యజమానికి ఆశ పెద్దది. ఈ కారు గెలిస్తే హైదరాబాదు వాళ్లు కూడా ఇంజన్లు మా దగ్గరికే పంపుతారని ఆయన లెక్క. అదే జరిగితే షెడ్డు పక్కన హెడ్డు పనికి వేరే గది కట్టి, సీట్లు కోసే కొత్త మిషను పెట్టి, దానికి హెడ్డన్నను ఇన్చార్జి చేస్తానని అందరి ముందూ చెప్పాడు. ఆ మధ్యాహ్నం హెడ్డన్న ఆ గది రావాల్సిన చోట నిలబడి అడుగులు కొలవడం చూశాను. గుమ్మం ఎటు పెట్టాలో కూడా అనుకున్నట్టున్నాడు, ఒకచోట ఇటుక ముక్క పెట్టి వచ్చాడు.

నాకు అసూయ లేదని చెప్పను. మేస్త్రీని నేను. గది ఆయనకు.

క్యామ్ వేసి పాత స్ప్రింగులతోనే హెడ్డు బిగించాం. వాల్వు తెరుచుకున్నప్పుడు పిస్టనుకు తగలకుండా ఉందో లేదో చూడటానికి పిస్టను మీద గోధుమపిండి ముద్ద పెట్టి ఇంజను తిప్పుతాం, అది ఎంత నలిగిందో చూస్తాం. యజమాని ఇంటి నుంచే పిండి వచ్చేది. మా డ్రైవరు, ఖమ్మం నుంచి వచ్చే పాతికేళ్లవాడు, ఆ ముద్దను చూసి "అన్నా, నాకు చపాతీ లేదు గాని ఇంజన్ కు పిండా?" అన్నాడు. పిండి పరీక్ష బాగానే వచ్చింది. తర్వాత హెడ్డన్న పుల్లలు పెట్టాడు. ఎనిమిది స్ప్రింగుల్లోనూ పోయింది, కాని బిగువుగా పోయింది. ఆయన ముఖం నాకు గుర్తుంది. పాస్ అయింది గాని మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడి కాగితం చూస్తున్నట్టు చూశాడు.

గురువారం ఆయన ఊరికి బయలుదేరాడు. అక్కడ భూమి పండుగ. విత్తనాలు చల్లే ముందు చేసుకునే పండుగ. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డు మీద బండ్లు ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. ఆ రోజుల్లో ఆయన ఎవరు పిలిచినా వచ్చేవాడు కాదు, యజమాని కూడా అడిగేవాడు కాదు. ఆ ఊరికి అప్పుడు ఫోను సిగ్నలు కూడా లేదు.

"మల్ల బేస్తారం వస్త. స్ప్రింగులు వచ్చేదాక ఇంజను చుట్లు నిమిషానికి ఆరువేలు దాటనియ్యకు తమ్మీ. గిట్ల నడిపితే రెండోదో మూడోదో వస్తం. సాలు." సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "హెడ్డు ముట్టుకోకు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పాతికేళ్ల నుంచి ఇంజన్లు విప్పుతున్న మనిషిని పట్టుకుని ముట్టుకోకు అనడమేంటి అనుకున్నాను.

శనివారం పొద్దున డ్రైవరు కారును ఖాళీ మైదానంలో తిప్పి వచ్చాడు. "అన్నా, ఆరువేల దాక తూటా లెక్క పోతంది. దాని మీద దగ్గొచ్చినట్టు చేస్తంది" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. క్యామ్ వేగానికి పాత స్ప్రింగులు చాలడం లేదు. వాల్వులు సమయానికి మూసుకోవడం లేదు. హెడ్డన్న ఆరువేలు దాటనివ్వొద్దన్నది అందుకే.

డ్రైవరును టిఫినుకు పంపాను. యజమాని పందెం ఏర్పాట్లకు ఖమ్మంలో ఉన్నాడు. నేను హెడ్డు దింపలేదు. ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్లోకి నైలాన్ తాడు కుక్కి, పిస్టను పైకి తెచ్చి, వాల్వు కింద పడకుండా తాడు మీద నిలబెట్టి, స్ప్రింగులు విప్పాను. ఇది కూడా జీపు పనే. జీపు రోజుల నాటి నా డబ్బాలోంచి ఎనిమిది వాషర్లు తీసి ఒక్కో స్ప్రింగు కింద ఒకటి వేసి మళ్లీ బిగించాను. మధ్యాహ్నానికి అయిపోయింది.

చేత్తో ఇంజను తిప్పి చూశాను. ఒకచోట స్పానర్ బరువుగా ఆగింది. ఇంకొంచెం బలం పెడితే దాటింది. కొత్త బిగువు కదా అనుకున్నాను.

షెడ్డు మూలన చీపురు ఉంది. నేను నిలబడ్డ చోటికి ఆరడుగులు. ఒక ఈనె పీకి సందులో పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. పెట్టలేదు. మరిచిపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. క్యామ్ ఎక్కువ లేపుతోందని తెలుసు, బిగువుగా పోయిన పుల్లను కళ్లారా చూశాను. వాషర్ మందం కలిస్తే పుల్ల పోదని నాకు లోపల తెలుసు. తెలుసు కాబట్టే పెట్టలేదు.

సాయంత్రం డ్రైవరు మళ్లీ తిప్పి వచ్చాడు. కారు దిగకముందే అరిచాడు: "ఏడు వేలు దాటిందన్నా! ఏం చేసినవే?"

"సెట్టింగు" అన్నాను. కార్బురేటరు తిప్పాననుకున్నాడు వాడు.

"హెడ్డన్న వచ్చినంక చూపిద్దాం. నోరెళ్లబెడ్తడు."

ఆదివారం మొదటి రౌండులో మా కారే ముందు వచ్చింది. యజమాని నా భుజం మీద చెయ్యేసి "నువ్వు అసాధ్యుడివయ్యా మేస్త్రీ" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఇంకా గుర్తుంది.

ఫైనలు మధ్యాహ్నం ఎండలో. మూడో చుట్టులో కారు మట్టిగట్టు మలుపుకు వస్తోంది. ఇంజను శబ్దంలో ఒక చిన్న టిక్కు వినిపించింది. రేకు డబ్బాలో గులకరాయి వేసినట్టు. ఆ వెంటనే మొత్తం శబ్దం ఆగిపోయింది. ఇంజను పట్టేసింది, ముందు చక్రాలు బిగిసిపోయాయి, కారు మలుపు తిరగకుండా నేరుగా పోయి గట్టెక్కి పక్కకు ఒరిగి పడింది.

మొక్కజొన్న మొదళ్లు కాళ్లకు గుచ్చుకుంటుంటే అందరం పరిగెత్తాం. డ్రైవరు బెల్టులకు వేలాడుతున్నాడు. మమ్మల్ని చూసి మొదట అడిగింది "లీడ్ల ఉన్ననా?" అని. తర్వాత చెయ్యి లేపబోయి కేక వేశాడు. భుజం ఎముక విరిగింది. బలమైన కడ్డీల చట్రం ఉండబట్టి అంతటితో పోయింది. దవాఖానాలో రాడ్డు వేశారు. వాడు మళ్లీ పందెం కారు ఎక్కలేదు.

సోమవారం పొద్దున షెడ్డులో ఇంజను విప్పాం. యజమాని, క్లబ్బు నుంచి ఇద్దరు పెద్దమనుషులు చుట్టూ నిలబడ్డారు. మూడో సిలిండరులో వాల్వు ఊడి కింద పడి ఉంది. పిస్టను ముక్కలైంది. వాల్వును స్ప్రింగుకు పట్టి ఉంచే లాకు ఊడిపోయింది. మిగిలిన స్ప్రింగులు తీసి ట్రేలో పెడుతుంటే వాటి చుట్లు ఒకదానికొకటి కొట్టుకున్న చోట అద్దంలా మెరుస్తున్నాయి. స్ప్రింగుల వెంట వాషర్లు ఒక్కొక్కటే ట్రేలో టంగుటంగుమని పడ్డాయి.

యజమాని ఒక వాషరు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "ఇవేంటి? ఎవరు వేశారివి?"

నేను తుడుచుకుంటున్న గుడ్డ వైపు చూస్తూ అన్నాను: "హెడ్డు పని మొత్తం ఆయనదే కదండీ."

ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. ఆయన వేశాడని నేను అనలేదు. వాళ్లే అనుకున్నారు. క్లబ్బు పెద్దమనిషి ఒకాయన "అడివిలో ఆయిలింజన్లు చేసుకునేవాడికి ఇలాంటి ఇంజన్లు అప్పజెబితే ఇంతే" అన్నాడు. ఆ మాటకైనా నేను నోరు తెరవాల్సింది. ట్రే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

గురువారం హెడ్డన్న వచ్చాడు. యజమాని అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నీ మీద నమ్మకం పెట్టుకున్నానయ్యా. కుర్రాడు చచ్చిపోయేవాడు" అని మాత్రం అన్నాడు. హెడ్డన్న బల్ల దగ్గరికి పోయి ఒక స్ప్రింగు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. మెరుస్తున్న చోట గోరుతో గీశాడు. ఒక వాషరు అరచేతిలో వేసుకుని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తమ్మీ, పుల్ల పెట్టి చూసినవా?"

షెడ్డంతా వింటోంది. అది నన్ను ఇరికించడానికి అడిగిన ప్రశ్న కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"అది నువ్వు చూడాల్సింది కదా" అన్నాను.

ఆయన వాషరును జాగ్రత్తగా ట్రేలో పెట్టాడు. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. గోడకు తగిలించిన తన వాల్వులు నూరే కర్ర తీసుకుని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. "చూశారా, ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసినవాడు కనకనే" అన్నాడు యజమాని. నేను పక్క హోటల్లో చాయ్ తాగడానికి పోయాను.

గది కట్టలేదు. ఇటుక ముక్క చాలా రోజులు అక్కడే ఉంది. హెడ్లు విజయవాడ పంపించేవాళ్లం. హెడ్డన్న ఖమ్మంలో ఒక షెడ్డులో పని అడిగితే ఈ సంగతి అప్పటికే అక్కడికి చేరి ఉంది. కొత్తగూడెంలోనూ అంతే. ఊరికి తిరిగి పోయి, రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు వేసుకుని పొలాల పంపు ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

నేను ఇంకో పదేళ్లు ఆ షెడ్డులోనే మేస్త్రీగా ఉన్నాను. మంచి పేరే వచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది వాషర్ల కంటే నాకు ఎక్కువ సిగ్గు. ఆ తర్వాత నేను ప్రతి హెడ్డుకూ చీపురు పుల్ల పెట్టి చూశాను. ఒక్కటి కూడా వదల్లేదు. ఎవరైనా ఇదేంటన్నా అని అడిగితే "గేజి తోస్తే పోతది, పుల్ల ఇరుగుతది" అని ఆయన మాటే చెప్పేవాణ్ణి. ఎవరు నేర్పారని అడిగితే నా పద్ధతి అనేవాణ్ణి. మీలో కొంతమందికి నేను అలాగే నేర్పాను.

యజమాని రెండేళ్ల కిందట పోయాడు. పోయే ముందు చూడటానికి వెళ్తే పాత సంగతులన్నీ తవ్వుకుంటూ "ఆ హెడ్డాయన అలా చేస్తాడనుకోలేదయ్యా. సొంత మనిషిలా చూశాను" అన్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. మందులు వేసుకున్నారా అని అడిగి వచ్చేశాను.

అదే ఏడాది నా మణికట్టు అరిగిపోయి పని మానేశాను. తర్వాత ఈ పుస్తకం వచ్చింది. ఆ ఫొటో కింద వాక్యం చదివాక ఇక ఉండలేకపోయాను. ఈ ఎండాకాలం మోటారు సైకిలు మీద బయలుదేరాను.

గోదావరి వంతెన దాటి, అడివి రోడ్డులో ఆయన ఊరి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా వెదురు గడ. అటూ ఇటూ పదిమంది ఆడవాళ్లు. భూమి పండుగ. నేను చూసుకోకుండా అదే రోజుల్లో వచ్చాను.

"పండుగ పైసలు ఇచ్చి పో!" అని బండి చుట్టూ మూగారు. నేను జేబులో తడుముకుంటుంటే గడ పట్టుకున్న ఒకామె దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసింది. హెడ్డన్న భార్య. నేను గుర్తుపట్టేలోపే ఆమె పట్టింది.

"ఏంది మేస్త్రీ, తోవ తప్పినవా?"

"లేదక్కా. అన్న కోసమే."

"ఇన్నేండ్లకా?" మిగతావాళ్లతో కోయ భాషలో ఏదో అంది. అందరూ నవ్వారు. "వేటకు పోయి వట్టి చేతులతో వచ్చిన మొగోల్లకు మేం పేడనీళ్లు పోస్తం. నువ్వు ఏం తెచ్చినవ్?"

నేను నోట్లు ముందుకు చాపాను. డబ్బులు తీసుకుని గడ పైకెత్తింది. "షెడ్డు కాడ్నే ఉన్నడు. మోకాలు నొప్పని వేటకు పోలే. పో."

హెడ్డన్న తడిక నీడలో కూర్చుని ఒక ఆయిలింజను హెడ్డు ముందు పెట్టుకుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. జేబులో పుల్లలు ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు, పక్కనున్న పీట మాత్రం కాలితో ఇటు తోశాడు. "కూసో తమ్మీ."

దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ పోయాయి. "అన్నా, వాషర్లు నేనే వేసిన" అన్నాను.

"అవ్" అన్నాడు.

"నీకు తెలుసా?"

"నా డబ్బల వాషర్లు ఏనాడన్న చూసినవా? అవి జీపు వాషర్లు. ఆ షెడ్డుల జీపు పని నేర్చుకున్నోడు నువ్వొక్కనివే." వాల్వు మీద నూరే పేస్టు రాసి కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. "స్ప్రింగు చూడంగనే ఎరికైంది."

"మరి ఆ రోజు ఎందుకు అనలేదు?"

"ఎవరు నమ్ముతుండె? నువ్వు మేస్త్రివి. నేను అడివి నుంచి వచ్చినోన్ని." కర్ర ఆపాడు. "అయినా నువ్వే చెప్తవనుకున్న. పాల్వంచ బస్టాండ్ల కూసున్న. భద్రాచలం బస్సులు రెండు వదిలేసిన. మూడో దాంట్ల ఎక్కిన."

నేను తలొంచుకున్నాను. అప్పుడు నేను బస్టాండుకు రెండు ఫర్లాంగుల దూరంలో చాయ్ తాగుతున్నాను. ఒకటి తాగి, ఏమీ తోచక ఇంకోటి చెప్పాను. రెండు బస్సులు పోయేంతసేపు కూర్చున్నాను.

"తప్పైందన్నా. నీ కాళ్లు..."

"గవన్నొద్దు." చెయ్యి అడ్డం పెట్టాడు. కోపం లేదు, విసుగుంది. "నాకు చెప్తానికి ఇంత దూరం వచ్చినవా? నాకు ఎరికే గద. ఎరకలేనోల్లకు చెప్పు."

అంతే. తర్వాత జొన్నరొట్టె పెట్టించాడు, మోకాలి నొప్పికి ఏం మందు వాడుతున్నాడో చెప్పాడు. వచ్చేటప్పుడు "పోయిరా" అన్నాడు. మళ్లీ రమ్మనలేదు.

ఖమ్మం వచ్చి డ్రైవరును కలిశాను. ఇప్పుడు టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. వాడు కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, వానకాలం వస్తే ఇది గుంజుతది. గుంజినప్పుడల్ల పన్నెండేండ్ల సంది ఆయన్నే తిట్టుకుంట ఉన్న." లేచి లోపలికి పోయి మళ్లీ వచ్చాడు. "నిన్ను తిట్టాలంటే నోరొస్తలేదు. అలవాటు లేదు. నువ్వైతే పో ఇప్పుడు." వారం తర్వాత వాడే ఫోను చేసి హెడ్డన్న ఊరికి దారి అడిగాడు. వెళ్లాడని విన్నాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడిగే హక్కు లేదు.

క్లబ్బు పెద్దమనుషుల్లో ఒకాయనకు చెప్పాను. "పాత సంగతి, ఇప్పుడెందుకులే" అన్నాడు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన వెనక్కి తీసుకోడు. యజమానికి చెప్పే దారి లేదు. ఆయన హెడ్డన్న మీద ఆ అభిప్రాయంతోనే పోయాడు. దాన్ని నేను ఎప్పటికీ సరిచేయలేను.

మిగిలింది మీరు. ఆ పుస్తకం మీ దగ్గర ఉంటే ఆ పేజీ తీసి, ఫొటో కింద వాక్యం కొట్టేసి, ఇది రాసుకోండి. ఆ హెడ్డు బిగించిన మనిషి పని తప్పు లేకుండా చేశాడు. ఆరువేలు దాటనివ్వొద్దని, హెడ్డు ముట్టుకోవద్దని చెప్పి పోయాడు. ఎనిమిది వాషర్లు వేసింది మేస్త్రీ. చీపురు పుల్లతో చూడటం కూడా మేస్త్రీ పద్ధతి కాదు, ఆ హెడ్డు పనివాడిదే. ఆ రోజు ఆరడుగుల దూరంలో చీపురు ఉండి కూడా పుల్ల పెట్టి చూడనిది మాత్రం మేస్త్రీయే.